నూనెలో మునిగిన కాగితం

కాలిఫోర్నియాలో శాన్ రామన్‌కు తూర్పున కొండల మధ్య డోహర్టీ వ్యాలీ ఉంది. గేల్ రాంచ్, విండమీర్ అనే పెద్ద కాలనీలు అందులోవే. మన తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డ చోటు. ఈ వీధుల్లో ఎంత దూరం నడిచినా కరెంటు స్తంభం కనిపించదు. తీగలన్నీ భూమిలోనే వేశారు. కొన్ని ఇళ్లకు ఒకటి చొప్పున, కాలిబాట పక్కన పచ్చికలో, కాంక్రీటు దిమ్మె మీద ముదురాకుపచ్చ ఇనుప పెట్టె మాత్రం కనిపిస్తుంది. నడుమెత్తు ఉంటుంది. తాళం వేసి ఉంటుంది. దగ్గరికి వెళ్తే సన్నగా గుంయ్‌మంటుంది. అదే డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్. మన ఊళ్లో రెండు స్తంభాల మధ్యనో, కంచె లోపల గద్దె మీదనో ఉండేది ఇక్కడ ఈ రూపంలో ఉంది.

నేను పటాన్‌చెరు వైపు ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో, టెస్టింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు అమ్మాయి వాళ్ల దగ్గర ఉంటున్నాను. సాయంత్రం నడకకు వెళ్తే కాలనీలో పిల్లల తల్లులు అడుగుతుంటారు: “ఆంటీ, ఈ పెట్టెలో నిజంగా నూనె ఉంటుందా? వానకు తడిస్తే ఏమీ కాదా? పిల్లలు దీని మీదికెక్కి కూర్చుంటున్నారు, ఏమైనా ప్రమాదమా?”

లోపల ఏముందో తెలిస్తే బయట ఎలా మసలుకోవాలో తెలుస్తుంది. కాబట్టి మొదటినుంచీ చెబుతాను. ముందుగా ఒక్క మాట. ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరిగే భాగమంటూ ఏదీ లేదు. ఇనుము అరగదు, తీగ తరగదు. దాని ఆయుష్షంతా ఆ తీగల చుట్ల మధ్య పెట్టిన కాగితంలో ఉంది. నూనె పోసేది ఆ కాగితాన్ని కాపాడటానికి. వేడి, తేమ ఆ కాగితానికి శత్రువులు. శాన్ రామన్‌లో పచ్చ పెట్టెకైనా, కరీంనగర్ పొలాల్లో బోరుబావుల ట్రాన్స్‌ఫార్మర్‌కైనా ఇదే సూత్రం.

పన్నెండు వేల నుంచి రెండు వందల నలభైకి

శాన్ రామన్‌కు కరెంటు ఇచ్చేది పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ. అందరూ పీజీ అండ్ ఈ అంటారు. సబ్‌స్టేషన్ నుంచి వీధుల్లోకి వచ్చే ఈ కంపెనీ లైన్లలో ఎక్కువ భాగం 12,000 వోల్టులవి, లేదంటే 21,000 వోల్టులవి. ఇంట్లో మనం వాడేది 120, 240 వోల్టులే. మరి అంత వోల్టేజి వీధి దాకా ఎందుకు తేవాలి?

ఒక లెక్క చూద్దాం. 50 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి నిండు లోడు మీద ఉందనుకోండి. ఇళ్ల వైపు 240 వోల్టుల దగ్గర 208 ఆంపియర్ల కరెంటు పారుతుంది. 12,000 వోల్టుల వైపు నాలుగు ఆంపియర్లకు కాస్త పైన, అంతే. వోల్టేజి 50 రెట్లు, కరెంటు 50వ వంతు. తీగ వేడెక్కి వృథా అయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే అదే తీగలో నష్టం 2,500వ వంతుకు పడిపోతుంది. అందుకే కరెంటును వీలైనంత దూరం ఎక్కువ వోల్టేజిలో తెచ్చి, ఇంటి గుమ్మం దగ్గర దించుతారు.

ఈ దించే పనికి మూలం 1831లో మైఖేల్ ఫారడే చేసిన ప్రయోగం. ఒక ఇనుప వలయానికి రెండు వైపులా తీగ చుట్టి, ఒక చుట్టలో కరెంటు మారినప్పుడల్లా రెండో చుట్టలో కరెంటు పుట్టడం ఆయన చూశాడు. రెండు చుట్టలకూ ఒకదానితో ఒకటి తగులు లేదు. శక్తి ఇనుములోని అయస్కాంత ప్రవాహం గుండానే దాటుతుంది. ఎటు ఎన్ని చుట్లుంటే ఆ నిష్పత్తిలో వోల్టేజి వస్తుంది. 1885లో బుడాపెస్ట్ నగరంలో గాంజ్ కంపెనీ ఇంజనీర్లు జిపర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ దీన్ని ఇప్పుడు మనమెరిగిన మూసిన ఇనుప కోర్ రూపానికి తెచ్చారు. మరుసటి ఏడాది మార్చిలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రేట్ బారింగ్టన్ ఊళ్లో విలియం స్టాన్లీ ట్రాన్స్‌ఫార్మర్లతో అంగళ్లకు దీపాలు వెలిగించి చూపాడు. తొలినాటి ట్రాన్స్‌ఫార్మర్లలో నూనె లేదు. వోల్టేజి పెరిగేకొద్దీ గాలి చాలలేదు. 1880ల చివరికి ఎలిహు థామ్సన్ వంటివారు మొత్తం యంత్రాన్ని నూనెలో ముంచే పద్ధతి తెచ్చారు. అప్పటినుంచి ఆ పద్ధతి మారలేదు.

అమెరికా ఇంటికీ మన ఇంటికీ ఒక తేడా ఉంది. ఇక్కడి పెట్టెలో ఇళ్ల వైపు చుట్టకు సరిగ్గా మధ్యలో ఒక కొస తీసి భూమికి కలుపుతారు. ఆ మధ్య కొస నుంచి అటు 120, ఇటు 120. దీపాలకు, ఫ్రిజ్‌కు 120 వోల్టులు చాలు. బట్టలారబెట్టే మెషీన్‌కు, కారు ఛార్జర్‌కు రెండు కొసల మధ్య 240 తీసుకుంటారు. మన దేశంలో 11,000 వోల్టుల మూడు ఫేజులు వచ్చి 433 వోల్టుల మూడు ఫేజులుగా దిగుతాయి. ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య దొరికేదే మన ఇంటి కరెంటు. మోటార్లకు మూడు ఫేజులూ కావాలి. అందుకే మన ట్రాన్స్‌ఫార్మర్‌లో మూడు జతల చుట్టలుంటాయి, ఇక్కడి వీధి పెట్టెల్లో చాలావాటికి ఒక్క ఫేజు చుట్టలే ఉంటాయి.

ఫ్యాక్టరీలో

తయారీ కోర్‌తో మొదలవుతుంది. అది మామూలు ఇనుము కాదు. దాదాపు మూడు శాతం సిలికాన్ కలిపిన ఉక్కు. దాదాపు పావు మిల్లీమీటరు మందం ఉండే రేకులుగా వస్తుంది. ఇనుమును ఒకే దిమ్మెగా పెడితే అందులోనే సుడి కరెంట్లు పుట్టి మొత్తం వేడెక్కుతుంది. రేకులుగా చేసి, ప్రతి రేకుకూ సన్నని బంధక పూత వేస్తే ఆ కరెంట్లకు దారి ఉండదు. ఇంకో సంగతి. ఈ ఉక్కులోని స్ఫటికాలన్నీ రేకు పొడవునా ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి, ఆ దిక్కులో అయస్కాంత ప్రవాహం చాలా తేలిగ్గా సాగుతుంది. ఇది నార్మన్ గాస్ అనే అమెరికన్ లోహశాస్త్రవేత్త కనిపెట్టిన పద్ధతి, 1934లో పేటెంటు వచ్చింది. మన ఫ్యాక్టరీల్లో దీన్ని సీఆర్‌జీఓ అంటారు. రేకులు కోసేటప్పుడు అంచు గరుకుగా లేస్తే ఒప్పుకోరు. వంగినా, కింద పడినా నష్టం పెరుగుతుంది. అనుభవమున్న పనివాళ్లు ఆ రేకులను పట్టుకునే తీరే వేరు.

అయస్కాంత ప్రవాహం మారినప్పుడల్లా ఈ ఉక్కు కంటికి కనిపించనంత కొద్దిగా సాగి, ముడుచుకుంటుంది. ఆ గుంయ్‌మనే శబ్దం దానిదే. సరఫరా పౌనఃపున్యానికి రెండింతల వేగంతో వస్తుంది. మన దేశంలో సెకనుకు 100 సార్లు, ఇక్కడ 120 సార్లు. శాన్ రామన్ వీధిలో మొదటిసారి విన్నప్పుడే శ్రుతి మారిందని నా చెవికి పట్టింది.

తర్వాత కాయిల్. ఇళ్ల వైపు కరెంటు ఎక్కువ, చుట్లు తక్కువ. అందుకని కాయిల్ వెడల్పంతా పరిచిన అల్యూమినియం రేకును చాలాచోట్ల వాడతారు. ఎక్కువ వోల్టేజి వైపు ఎనామిల్ పూసిన సన్నని తీగ. ఇటు 20 చుట్లుంటే అటు 1,000 చుట్లు. ప్రతి వరసకూ మధ్య కాగితం వేస్తారు. అది చెక్క గుజ్జుతో చేసిన క్రాఫ్ట్ కాగితం. దాని మీద వజ్రాకారంలో రెజిన్ చుక్కలు అద్ది ఉంటాయి. ఓవెన్‌లో వేడికి ఆ చుక్కలు కరిగి, చుట్లన్నిటినీ ఒకే ముద్దగా పట్టేస్తాయి. అలా ఎందుకంటే, బయట ఎక్కడైనా షార్ట్ సర్క్యూట్ అయిన క్షణంలో మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు పారి, రెండు చుట్టలూ ఒకదాన్నొకటి విపరీతమైన బలంతో నెట్టుకుంటాయి. వదులుగా చుట్టిన కాయిల్ అప్పుడే చెదిరిపోతుంది.

కోర్, కాయిల్ ఒక్కటయ్యాక ఎండబెట్టాలి. మొత్తం తయారీలో ఓపిక కావలసింది ఇక్కడే. మామూలు గాలిలో ఉన్న కాగితంలో తన బరువులో 6 నుంచి 8 శాతం నీరుంటుంది. దాన్ని అర శాతం కిందికి తేవాలి. నూరు డిగ్రీలు దాటిన ఓవెన్‌లో, గాలి పీల్చేసిన శూన్యంలో గంటల తరబడి ఉంచుతారు. బయటికి తీసిన మరుక్షణం నుంచి, వానాకాలంలో డబ్బా మూత తీసిన అప్పడాల్లాగా కాగితం తేమ లాక్కోవడం మొదలుపెడుతుంది. అందుకే ఆలస్యం చేయకుండా ట్యాంకులో దించి, వడకట్టి, గాలీ తేమా తీసేసిన నూనెను శూన్యంలోనే నింపుతారు. నూనె కాగితపు రంధ్రాల్లోకి ఇంకి, గాలి బుడగ అన్నది లేకుండా చేస్తుంది.

ఆ తర్వాత మా విభాగానికి వస్తుంది. చుట్ల నిష్పత్తి, తీగల నిరోధం, ఖాళీగా ఉన్నప్పుడు నష్టం, లోడు మీద నష్టం చూస్తాం. మామూలు వోల్టేజికి రెట్టింపు పెట్టి నిలబడుతుందో లేదో చూస్తాం. 50 సైకిళ్ల దగ్గర రెట్టింపు వోల్టేజి పెడితే కోర్ అయస్కాంతంతో నిండిపోయి కుదరదు, కాబట్టి పౌనఃపున్యాన్ని కూడా రెట్టింపుకో ఇంకా పైకో పెంచుతాం. అన్నిటికంటే గట్టి పరీక్ష ఇంపల్స్. పిడుగు లైను మీద పడితే వచ్చే దెబ్బను కృత్రిమంగా ఇస్తాం. అమెరికాలో 12 వేల వోల్టుల తరగతి ట్రాన్స్‌ఫార్మర్ 95,000 వోల్టుల దెబ్బకు తట్టుకోవాలి. ఆ వోల్టేజి దాదాపు సెకనులో పది లక్షలో వంతు కాలంలో శిఖరానికి చేరి, 50 మైక్రోసెకన్లలో సగానికి దిగుతుంది. ముందు తక్కువ వోల్టేజిలో, తర్వాత పూర్తి వోల్టేజిలో గీసిన రెండు గీతలు తెర మీద ఒకదానిమీద ఒకటి అచ్చుగుద్దినట్టు పడాలి. ఎక్కడో ఒక వంపు తేడా వచ్చిందంటే లోపల ఏదో చుట్టు దగ్గర కాగితం లొంగిపోయిందన్నమాట. ఆ రెండు గీతలు కలిసినప్పుడు టెస్టింగ్ హాల్లో అందరి ముఖాల్లో కనిపించే తృప్తి నాకు ఇప్పటికీ ఇష్టం.

నూనె చేసే పని

నూనెకు రెండు బాధ్యతలు. ఒకటి విద్యుత్తును అడ్డుకోవడం. రెండున్నర మిల్లీమీటర్ల ఖాళీలో గాలి దాదాపు ఎనిమిది వేల వోల్టులకే లొంగి మెరుపు పుడుతుంది. అదే ఖాళీలో బాగా శుద్ధి చేసిన ట్రాన్స్‌ఫార్మర్ నూనె 60 వేల వోల్టులు దాటినా నిలబడుతుంది. దానిలో కాస్త నీరు, కాస్త నలుసు కలిస్తే ఈ బలం ఘోరంగా పడిపోతుంది. రెండోది వేడిని మోయడం. కాయిల్ దగ్గర వేడెక్కిన నూనె పైకి లేస్తుంది, ట్యాంకు గోడల దగ్గరో, రెక్కల్లాంటి రేడియేటర్లలోనో చల్లబడి కిందికి దిగుతుంది. పంపు లేదు, ఫ్యాను లేదు. ఏళ్ల తరబడి తనంతట తానే తిరుగుతుంది.

పెట్రోలియం నుంచి తీసే ఈ ఖనిజ నూనెకు ఒకే లోపం, అంటుకుంటుంది. దాదాపు 150 డిగ్రీల దగ్గర దాని ఆవిరికి మంట తగిలితే భగ్గుమంటుంది. దీనికి విరుగుడని 1930 ప్రాంతంలో పీసీబీలనే మండని రసాయన ద్రవాలు వచ్చాయి. భవనాల నేలమాళిగల్లో ఉండే ట్రాన్స్‌ఫార్మర్లలో దశాబ్దాల పాటు పోశారు. అవి నేలలో, నీళ్లలో కుళ్లకుండా మిగిలిపోయి, చేపల్లో, మనుషుల ఒంట్లో పేరుకుంటాయని తర్వాత తేలింది. అమెరికా 1976లో చట్టం చేసి, 1979లో వాటి తయారీని నిషేధించింది. అప్పటికే అమర్చినవి మాత్రం మిగిలాయి. 1983లో శాన్ ఫ్రాన్సిస్కో నడిబొడ్డున వన్ మార్కెట్ ప్లాజా భవనం దగ్గర అలాంటి ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుని, ఆ విషపు మసి భవనంలోకి చేరింది. శుభ్రం చేయడం చాలా పెద్ద పనైంది. ద్రవాన్ని ఎంచుకునేటప్పుడు అది మండుతుందా అన్నదొక్కటే చూస్తే చాలదని ఆ అనుభవం నేర్పింది.

1990లలో దీనికి మంచి జవాబు దొరికింది. సోయా, పొద్దుతిరుగుడు వంటి గింజల నూనెల నుంచి చేసిన సహజ ఎస్టర్ ద్రవాలు. వీటికి మంట అంటుకుని నిలవాలంటే 300 డిగ్రీలు దాటాలి. నేల మీద ఒలికితే సూక్ష్మజీవులు కొన్ని వారాల్లో తినేస్తాయి. నాకు వీటిలో అన్నిటికంటే నచ్చిన గుణం ఇంకొకటి. ఖనిజ నూనె కంటే ఇవి ఎన్నో రెట్లు ఎక్కువ తేమను తమలోకి తీసుకోగలవు. అంటే కాగితంలోని నీటిని తామే లాక్కుంటాయి, కాగితం పొడిగా ఉండి ఎక్కువ కాలం బతుకుతుంది. ఒక పరిమితి కూడా ఉంది. గాలి తగులుతూ ఉంటే ఈ నూనె చిక్కబడిపోతుంది. పూర్తిగా సీలు చేసిన ట్యాంకుల్లోనే వాడాలి. శాన్ రామన్ పచ్చ పెట్టె ట్యాంకు అలాంటిదే. లోపలికి గాలి పోదు, వాన చుక్క పోదు.

నూనె అంత తేలిగ్గా అంటుకోకపోవడం ఈ ప్రాంతానికి చిన్న విషయం కాదు. కొండల మీదుగా శరదృతువులో డయాబ్లో గాలులు వీస్తాయి. గడ్డంతా ఎండి బంగారు రంగుకు తిరిగి ఉంటుంది. స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ పగిలి మండుతున్న నూనె కింద పడితే ఏమవుతుందో ఊహించవచ్చు. మంటల ముప్పు ఎక్కువున్న చోట్ల లైన్లను పటిష్ఠం చేసేటప్పుడు పాత ట్రాన్స్‌ఫార్మర్లను తీసి, ఎస్టర్ ద్రవం నింపినవి పెట్టడం పీజీ అండ్ ఈ అడవిమంటల నివారణ ప్రణాళికల్లో భాగం. ఆ కంపెనీ పరికరాలను పరీక్షించే లాబొరేటరీలు కూడా శాన్ రామన్‌లోనే, క్రో కేనియన్ రోడ్డులో ఉన్నాయి. వాటి పక్కగా కారులో వెళ్లినప్పుడల్లా అక్కడ పనిచేసేవాళ్లు నా సొంత మనుషులే అనిపిస్తుంది.

వేడి, రాత్రి, కారు ఛార్జింగు

కాగితం అంటే సెల్యులోజ్ గొలుసులు. కొత్త కాగితంలో ఒక్కో గొలుసుకు వెయ్యికి పైగా కొక్కేలుంటాయి. వేడికి, తేమకు అవి తెగుతూ పోయి, సగటున 200 దగ్గరికి వచ్చేసరికి కాగితం పెళుసై, ముట్టుకుంటే రాలిపోయే స్థితికి వస్తుంది. తెగిన ప్రతి గొలుసూ కొంత నీటిని వదులుతుంది. ఆ నీరు మిగతా గొలుసులను ఇంకా త్వరగా తెంపుతుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం లోపలి అతివేడి బిందువు 110 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే కాగితం 1,80,000 గంటలు, అంటే ఇరవై ఏళ్లకు పైగా బతకాలి. ఆపైన ప్రతి ఆరేడు డిగ్రీలకూ ఆయుష్షు సగానికి పడిపోతుంది. చల్లగా ఉంటే నలభై, యాభై ఏళ్లు కూడా పనిచేస్తుంది.

అందుకే రాత్రి ముఖ్యం. పగలంతా ఏసీల భారంతో వేడెక్కిన నూనె రాత్రి చల్లబడుతుందన్న నమ్మకం మీదే ఇన్నాళ్లూ ఈ పెట్టెల సైజు నిర్ణయించారు. సాయంత్రం కాసేపు తన స్థాయికి మించి మోసినా, తెల్లవారేలోపు కోలుకునేది. 2006 జులైలో కాలిఫోర్నియాలో వచ్చిన వడగాడ్పులో రాత్రుళ్లు కూడా చల్లబడలేదు. ఉత్తర కాలిఫోర్నియాలో వందల సంఖ్యలో ట్రాన్స్‌ఫార్మర్లు పోయాయి. 2022 సెప్టెంబరు 5న, మనవాళ్లంతా శివవిష్ణు ఆలయానికి వెళ్లే పక్క ఊరు లివర్‌మోర్‌లో ఎండ 116 ఫారెన్‌హీట్ డిగ్రీలు తాకింది, మన లెక్కలో 47కు చేరువ. మర్నాడు రాష్ట్ర గ్రిడ్ 52,061 మెగావాట్ల రికార్డు డిమాండును మోసింది.

ఇప్పుడు రాత్రికి కొత్త భారం వచ్చింది. డోహర్టీ వ్యాలీలో గరాజుకొక ఎలక్ట్రిక్ కారు కనిపిస్తోంది. ఇంట్లో పెట్టుకునే ఒక ఛార్జర్ ఏడు నుంచి పదకొండు కిలోవాట్లు లాగుతుంది. ఒక 50 కేవీఏ పెట్టె మీద పది ఇళ్లున్నాయనుకోండి. చవక రేటు మొదలయ్యే అర్ధరాత్రి పన్నెండింటికి అయిదు కార్లు ఒకేసారి ఛార్జింగుకు దిగితే, మరేమీ నడవకపోయినా పెట్టె దాదాపు నిండిపోయినట్టే. నూనె చల్లబడాల్సిన వేళ అదే. ఎలక్ట్రిక్ కార్లు మంచివే, రావాలి. కొందరు పన్నెండుకు, కొందరు రెండుకు, కొందరు నాలుగుకు పెట్టుకుంటే ఆ కాగితం ఇంకా ఎక్కువ కాలం బతుకుతుంది. దీనికి ఖర్చేమీ లేదు, పక్కింటివాళ్లతో ఒక మాట చాలు.

మన పొలాల దగ్గర

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడమంటే ఏమిటో రైతుకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మోటార్లన్నీ ఆగిపోతాయి. వరి పొట్టకొచ్చిన సమయమైతే ఒక్కో రోజూ ప్రాణసంకటం. కాలిన దాన్ని ట్రాక్టరు మీదెక్కించి మరమ్మతు కేంద్రానికి తీసుకెళ్లడం, బదులు దాని కోసం ఎదురుచూడటం ఎన్నో ఊళ్ల అనుభవం.

అలా వచ్చినవాటిని విప్పి చూస్తే లోపల కథ ఒకేలా ఉంటుంది. మన ట్రాన్స్‌ఫార్మర్లలో చాలావాటికి బ్రీదర్ ఉంటుంది. నూనె వేడికి వ్యాకోచించినప్పుడు గాలి బయటికి, చల్లబడినప్పుడు లోపలికి దాని గుండా వెళ్తుంది. అందులో నీలిరంగు సిలికాజెల్ గుళికలు తేమను పట్టేస్తాయి. అవి గులాబీ రంగుకు తిరిగాయంటే ఇక పట్టలేవని అర్థం. మార్చకపోతే ప్రతి రాత్రీ తడిగాలి లోపలికి పోతూనే ఉంటుంది. నూనె కారి మట్టం తగ్గితే కాయిల్ పైభాగం గాలికి బయటపడుతుంది. ఫ్యూజు పోయినప్పుడల్లా మందపాటి తీగ వేస్తే ఆ ఫ్యూజు ఇక ఎప్పటికీ పోదు, దాని బదులు ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఎర్తింగు గుంత ఎండిపోతే న్యూట్రల్ కదిలిపోయి ఒక ఫేజులో వోల్టేజి పెరుగుతుంది, ఇంకోదాంట్లో పడిపోతుంది. దొంగల బాధ వేరే. రాగి తీగ కోసం రాత్రికి రాత్రి ట్యాంకు పగలగొట్టి, నూనె నేలపాలు చేసి పోతారు. పల్లెల్లో అల్యూమినియం చుట్టలు వాడటానికి ధరతో పాటు ఇదీ ఒక కారణం.

అయితే మన రాష్ట్రాల్లో జరిగిన ఒక మంచి మార్పు గురించి గట్టిగా చెప్పాలి. ఇదివరకు 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి, అక్కడి నుంచి పొలాల మీదుగా దూరందూరం తక్కువ వోల్టేజి తీగలు లాగేవారు. చివరి బోరుకు చేరేసరికి వోల్టేజి పడిపోయేది. మోటారు ఎక్కువ కరెంటు గుంజి కాలేది, ట్రాన్స్‌ఫార్మర్‌నూ కాల్చేది. 2000ల నుంచి హెచ్‌వీడీఎస్ పేరుతో 11,000 వోల్టుల లైనునే పొలం మధ్యకు తెచ్చి, 16, 25 కేవీఏల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడం మొదలుపెట్టారు. అయిదు హార్స్‌పవర్ మోటారుకు అయిదు కేవీఏ చొప్పున చూసుకుంటే, 25 కేవీఏ నలుగురైదుగురు రైతులకు సరిపోతుంది. తీగల్లో నష్టం తగ్గింది. అంతకంటే పెద్ద లాభం, ఆ నలుగురైదుగురూ దాన్ని తమదిగా చూసుకోవడం. దానికి ఆరో మోటారు తగిలించబోతే వాళ్లే అడ్డుకుంటారు.

ఇరవై నాలుగు గంటల నష్టం

ఎవరూ కరెంటు వాడకపోయినా ట్రాన్స్‌ఫార్మర్ కోర్ మాత్రం పగలూ రాత్రీ అయస్కాంతమవుతూనే ఉంటుంది. ఆ నష్టం ఒక్కో పెట్టెలో పదుల వాట్లే. అమెరికాలో ఉన్న డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లు 6 నుంచి 8 కోట్లని జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల 2024లో అంచనా వేసింది. అన్ని కోట్ల పెట్టెల్లో రాత్రింబగళ్లు అంటే అది మామూలు శక్తి కాదు.

ఈ నష్టాన్ని మూడో వంతుకు దించగల లోహం ఒకటుంది, అమార్ఫస్. కరిగిన లోహాన్ని క్షణంలో గడ్డకట్టించి, స్ఫటికాలు ఏర్పడకుండా చేస్తారు. ఆ రిబ్బన్ మందం మిల్లీమీటరులో నలభయ్యో వంతు. పెళుసుగా ఉంటుంది, పట్టుకోవడం కష్టం. ఈ విద్యలో మన సంగారెడ్డి జిల్లా రుద్రారానికి పేరుంది. అక్కడ విజయ్ ఎలక్ట్రికల్స్ నెలకొల్పిన ట్రాన్స్‌ఫార్మర్ల వ్యాపారాన్ని 2013లో జపాన్‌కు చెందిన తోషిబా తీసుకుంది. అమార్ఫస్ కోర్ డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లు అక్కడ తయారవుతున్నాయి. మన దేశంలో ఐఎస్ 1180 ప్రమాణం 2014లో కొత్త రూపం దిద్దుకుని, నష్టాలకు గరిష్ఠ హద్దులు పెట్టింది. మరుసటి ఏడాది నియంత్రణ ఉత్తర్వుతో ఐఎస్ఐ గుర్తు తప్పనిసరైంది.

అమెరికాలో ఈ అమార్ఫస్ మీద పెద్ద చర్చే జరిగింది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు దాదాపుగా అన్నీ అమార్ఫస్ వైపు మళ్లేలా నిబంధనలు తేవాలని ఇంధన శాఖ మొదట ప్రతిపాదించింది. కానీ 2021 నుంచి ట్రాన్స్‌ఫార్మర్లకు తీవ్రమైన కొరత. కొన్ని రకాలకు ఏడాది, రెండేళ్లు ఆగాల్సి వచ్చింది. కొత్త కాలనీ కట్టి, పెట్టె రాక కరెంటు ఇవ్వలేకపోయిన చోట్లున్నాయి. పాత సీఆర్‌జీఓ ఉక్కును అమెరికాలో తయారుచేసేది ఒకే ఒక్క కంపెనీ, క్లీవ్‌లాండ్ క్లిఫ్స్. ఇవన్నీ చూసి 2024 ఏప్రిల్‌లో ఖరారు చేసిన నియమాల్లో ఎక్కువ భాగం పాత ఉక్కుతోనే కుదిరేలా సడలించి, అమలును 2029కి పెట్టారు. పొదుపు ఎంత ముఖ్యమో సరఫరా అంతే ముఖ్యం కనుక ఆ నిర్ణయం సబబేనని నా అభిప్రాయం. పైగా 2050 నాటికి ట్రాన్స్‌ఫార్మర్ల మొత్తం సామర్థ్యం 2021తో పోలిస్తే 160 నుంచి 260 శాతం పెరగాల్సి రావచ్చని అదే ప్రయోగశాల అంటోంది. కొత్తవి చేయడం ఎంత అవసరమో, ఉన్నవాటిని బతికించుకోవడమూ అంతే అవసరం.

మన చేతిలో ఉన్నది

శాన్ రామన్ తల్లుల ప్రశ్నలకు ఇప్పుడు జవాబు. అవును, నూనె ఉంటుంది. వానకు ఏమీ కాదు. పెట్టె బయటి ఇనుమును భూమికి కలిపారు కనుక తగిలితే షాక్ కొట్టదు. అయినా పిల్లలను దాని మీద ఆడనివ్వకండి. కారు గుద్దిన పెట్టె తలుపు వంగి ఉండొచ్చు, తాళం ఊడి ఉండొచ్చు. పిల్లలు ఆ తేడా గమనించలేరు. పుల్ల దూర్చేంత సందు కూడా ప్రమాదమే. తలుపు ముందు ఎనిమిది అడుగులు ఖాళీగా ఉంచండి. లైన్‌మన్ పొడవాటి బంధక కర్ర పట్టుకుని, వెనక్కి జరుగుతూ కేబుల్ కొసను లాగాల్సి వస్తుంది. అక్కడ మీ గులాబీ పొదలుంటే ఆయన కాలు తట్టుకుంటుంది. పెట్టె అందంగా లేదని చుట్టూ దట్టంగా మొక్కలు పెంచితే గాలాడక లోపల వేడి పెరుగుతుంది. తోటలో గుంత తవ్వే ముందు 811కు ఫోన్ చేయండి, ఉచితంగా వచ్చి భూమిలోని తీగల గుర్తులు పెడతారు. కారు ఛార్జర్ పెట్టిస్తున్నప్పుడు కరెంటు కంపెనీకి చెప్పండి. ఆ పెట్టె మీద ఎంత భారముందో వాళ్లు లెక్క వేసుకోవాలి. దిమ్మె మీద నూనె మరక కనిపించినా, శబ్దం బాగా మారినా చెప్పండి.

ఊళ్లో ఉన్న అన్నదమ్ములతో, మేనమామలతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఈ నాలుగు మాటలూ చెప్పండి. ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేయకండి, కంచె అవతలి నుంచే చూడండి. గుళికలు గులాబీ రంగుకు తిరిగాయా? నూనె మట్టం తగ్గిందా? వెంటనే లైన్‌మన్‌కు చెప్పండి. ఫ్యూజుకు సరైన తీగే వేయమనండి. మోటారుకు కెపాసిటర్ పెట్టించండి, అంతే పనికి తక్కువ కరెంటు తీసుకుంటుంది. ఎండాకాలంలో ఎర్తింగు గుంతలో నీళ్లు పోసే ఏర్పాటు చూడమనండి.

ట్రాన్స్‌ఫార్మర్ చేసే ఫ్యాక్టరీ దాన్ని పాతికేళ్లకు సరిపడా ఎండబెట్టి, నూనె నింపి, పిడుగంత దెబ్బ కొట్టి చూసి పంపుతుంది. ఆ తర్వాత దాన్ని చల్లగా, పొడిగా ఉంచడం లైన్‌మన్ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, దాని కరెంటు వాడుకునే పది ఇళ్లవాళ్లు, అయిదుగురు రైతులు తలా ఒక చెయ్యి వేయాలి. ఈ వారంలో మీ వీధిలో ఉన్న పెట్టె దగ్గర ఒక్కసారి ఆగి చూడండి. దాని ముందు చోటు ఖాళీగా ఉందా, తాళం సరిగ్గా ఉందా, దిమ్మె పొడిగా ఉందా? ఈ మూడూ చూడటానికి ఇంజనీరే కానక్కర్లేదు.